పేరు మార్చిన శోకపాట

జెలికా తన వంటింట్లోకి టికెట్టు కొనుక్కుని వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఇది నా కల్పన కాదు. జూన్ నెల, గురువారం. వయసు పైబడినవాళ్ళకు తగ్గింపు ఉందని గేటు దగ్గరి పిల్ల చెప్పింది. జెలికా అక్కర్లేదంది. పూర్తి టికెట్టు తీసుకుని, ‘పాతకాలపు ఊరు’ అని బోర్డు పెట్టిన ఆ మ్యూజియంలోకి నడిచి, వరసగా నిలబెట్టిన ఏడిళ్ళలో నాలుగోదాని కప్పు చూసి ఆగిపోయింది.

"పొగగొట్టం వంకర తీసేశారు," అంది. "మా మామగారు బతికుంటే ఒప్పుకునేవాడు కాదు."

ఆ ఇల్లు అక్కడ పుట్టింది కాదు. నలభై మైళ్ళ అవతల, ప్లాసిడ్ రేవులో, అల చప్పుడు గోడలకు తగిలేంత దగ్గర్లో ఉండేది. పంతొమ్మిదేళ్ళప్పుడు జెలికా కోడలిగా అందులో కాలుపెట్టింది. అయిదుగురు పిల్లల్ని అక్కడే కన్నది, మొగుణ్ణి అక్కడినుంచే సాగనంపింది. తర్వాత ప్రభుత్వం మా తీరమంతా పార్కు చేస్తామని తీసుకుంది. ముప్ఫై ఒక్క ఇళ్ళు. ముప్ఫయ్యింటిని బుల్డోజరుతో తోసి తగలబెట్టారు. జెలికా ఇంటి పలకలు ఊడదీసి చూస్తే లోపల గొడ్డలితో చెక్కిన దుంగలు, నూటయాభై ఏళ్ళ నాటివి, బయటపడ్డాయి. దుంగ దుంగకీ సుద్దముక్కతో నంబరు వేసి లారీల మీద ఎక్కించుకుపోయారు. ఇంటికి మ్యూజియంలో చోటు దొరికింది. ఇంటావిడకు పట్నంలో మూడో అంతస్తులో, కరెంటు పొయ్యి ఉన్న రెండు గదులు దొరికాయి.

నేను ఆమెకు వరసకు తమ్ముణ్ణి. మా అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళు. పేరు ఫిలియాస్. ఫిడేలు వాయిస్తాను, అబద్ధాలు చెబుతాను. రెండోది మాన్పించాలని కాన్వెంటులో సిస్టర్ యూఫెమీ నా చేత ప్రతి అబద్ధాన్నీ గుండ్రటి అక్షరాలతో వందసార్లు రాయించేది. అబద్ధాలు తగ్గలేదు గానీ చేతిరాత బాగుపడింది.

ఆ రోజు వంటింట్లో తెల్లటోపీ పెట్టుకున్న కాలేజీ పిల్ల ఒకతె, చుట్టూ ఇరవైమంది చూస్తుండగా, తురిమిన బంగాళాదుంపలతో ఉండలు చేస్తోంది. మా తీరంలో పండగొచ్చినా, ఆదివారమొచ్చినా ఆ ఉండలే. పచ్చిదుంప తురుము గుడ్డలో వేసి పిండి, ఉడికించిన దుంప కలిపి, నడుమ ఉప్పులో ఊరిన పంది మాంసం పెట్టి, గుండ్రంగా చుట్టి మూడు గంటలు ఉడికిస్తాం. పైకి బూడిదరంగులో, చూడటానికి ఏమాత్రం బాగుండవు. ఆ పిల్ల వేసిన ఉండలు మరుగుతున్న నీళ్ళలో విడిపోయి గంజి అయిపోతున్నాయి.

"అమ్మాయ్, తురుము పిండావా?" అంది జెలికా, జనం వెనకనుంచి.

"పిండానండీ."

"చెయ్యి నొప్పెడుతోందా?"

"లేదండీ."

"అయితే పిండలేదు."

చేతిసంచీ నాకిచ్చి, చేతులు పైకి మడుచుకుని వెళ్ళింది. గుడ్డ మూట కట్టి మెలిపెడుతుంటే ఆమె మెడనరాలు బయటికొచ్చాయి. నీళ్ళు ధారగా కారాయి. ఉప్పుడబ్బా కోసం చూడకుండానే పొయ్యి కుడివైపు గూటిలోకి చెయ్యి పోనిచ్చింది. గూడు ఉంది, డబ్బా లేదు. ఒక్క క్షణం ఆ చెయ్యి గూటిలోనే ఉండిపోయింది. నేను తప్ప ఎవరూ గమనించలేదు.

సాయంత్రంలోగా మ్యూజియం డైరెక్టరు అన్సెల్మ్ గారు ఆమెకు కొలువిచ్చాడు. వంట జరిగే ఇంట్లో వాయించేవాడు కూడా ఉంటే కళగా ఉంటుందని చెప్పి నన్ను నేనే అంటగట్టుకున్నాను. అన్సెల్మ్ గారు మంచివాడు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీకు నమ్మబుద్ధి కాదు. పెద్ద పట్నంలో చదువుకున్న ముప్ఫయ్యేళ్ళ మనిషి. పాత వస్తువు కనబడితే గుళ్ళో నిలబడినట్టు నిలబడేవాడు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఎనిమిదింటికి జెలికా అందరికన్నా ముందొచ్చి నిప్పు రాజేసేది. ఉన్ని గౌను, చెక్కచెప్పులు, టోపీ. అయిదింటికి నిప్పుమీద బూడిద కప్పి, టోపీ కొయ్యకు తగిలించి, బస్సెక్కి మూడో అంతస్తుకు పోయేది. ఇంట్లో ఏడాది ఎప్పుడూ పద్ధెనిమిది వందల డెబ్భయ్యే. ఆ తర్వాత పుట్టిన దేన్నీ గడపలోపల పలకకూడదన్నది మ్యూజియం నియమం. బస్టాపు ఎక్కడని ఎవరైనా అడిగితే జెలికా, బస్సంటే ఏ రకం చేప అని ఎదురడిగేది. నేను మూలన కుర్చీలో కూర్చుని, రెండు కాళ్ళతో నేలమీద తాళం వేస్తూ వాయించేవాణ్ణి. మధ్యమధ్యలో, నా ఫిడేలు తిమింగలం కడుపులో దొరికిందని, అప్పటికే అది పాడుతోందని పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఆమె సంతోషంగా ఉండేదా అంటే, తన ఇంట్లో ఉండేది. పడకగది తలుపు పక్కన దుంగ మీద పిల్లల ఎత్తు కొలిచి కత్తితో పెట్టిన గాట్లు ఉండేవి. అవి పద్ధెనిమిది వందల డెబ్భై తర్వాతివి కాబట్టి వడ్రంగులు చిత్రిక పట్టేశారు. రోజూ అటు వెళ్ళినప్పుడల్లా ఆ నునుపు మీద వేళ్ళు ఆనించేది. అన్నిటికన్నా పై గాటు లియోన్స్‌ది. రెండోవాడు.

లియోన్స్ ఇరవై రెండేళ్ళప్పుడు, పంతొమ్మిది వందల యాభై ఏడు సెప్టెంబరులో, హెర్రింగు చేపలకు ఒంటరిగా వెళ్ళాడు. మూడోరోజు పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మోటారు చచ్చిపోయి ఉంది. వాడు రాలేదు.

శవం దొరకనివాడికి మా తీరంలో సిలువ పాతరు. పూడ్చినవాళ్ళ పేర్లే ఫాదరుగారు చర్చి చావుల పుస్తకంలో రాస్తారు కాబట్టి అందులోనూ వాడి పేరుండదు. అలాంటివాడికి మిగిలేది శోకపాట ఒక్కటే. ఏడాది తిరిగేలోగా పాటలు కట్టే మనిషి వాడిమీద పాట కట్టాలి. చివరి చరణంలో వాడి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పడవ, ఏడాది అన్నీ రావాలి. రాయి మీద చెక్కే సంగతులన్నమాట. వేరే రాయి లేదు గనక. కట్టినావిడ దాన్ని తల్లి వంటింట్లో ఒక్కసారి పాడి వినిపిస్తుంది. అప్పుడెవరూ ముద్ద నోట్లో పెట్టుకోరు. ఆ తర్వాత అది తల్లిది. ఆమె అడిగితే తప్ప ఇంకెవరూ పాడరు. తల్లి అడగడం నేనెప్పుడూ వినలేదు.

లియోన్స్ పాట కట్టింది ముసలి దొమితీల్. పదిహేడు చరణాలు. పాడిన సాయంత్రం నేనూ ఆ వంటింట్లో ఉన్నాను. ఒక్కసారి విన్న పాట నా తలలోంచి పోదు. నాకున్న నిజమైన గుణం అదొక్కటే.

నాలుగో ఏడు చివర్లో వేరే రాష్ట్రంలో ఇలాంటి మ్యూజియం ఒకటి పొగగొట్టం అంటుకుని కాలిపోయింది. దాంతో మంత్రిత్వశాఖ వాళ్ళు ఏడిళ్ళలో రెండింట్లోనే నిజమైన నిప్పు ఉండాలన్నారు. మిగతా ఇళ్ళలో వంట ఉండదు, మనిషి ఉండడు. గుమ్మానికి అడ్డంగా తాడు, బల్లమీద సుద్దతో చేసిన రొట్టె, అంతే. ఏ రెండిళ్ళో తేల్చడానికి ముగ్గురు పెద్దమనుషులొచ్చారు. ఇంకెక్కడా లేనిది ఏ ఇంట్లో ఉందో చూపించమని అన్సెల్మ్ గారు మాకు ముందే చెప్పాడు. రొట్టెల ఇంటికి మట్టిపొయ్యి ఉంది, అది ఖాయమైనట్టే. మిగిలింది ఒక్క చోటు. మా దుంప ఉండలు అన్ని చోట్లా దొరుకుతాయి. నా ఫిడేలు పాటలన్నీ అప్పటికే టేపుల్లో ఉన్నాయి.

ఆ ముగ్గురిలో పొడుగాటాయన గడియారం చూసుకుని టోపీ అందుకున్నాడు. జెలికా గరిటె పట్టుకుని వాళ్ళ చేతుల వంక చూస్తోంది. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. ఈ ఇంట్లో ఒక శోకపాట ఉందండీ, ఈ గోడల బయట ఎవరూ విన్నది కాదు, పద్ధెనిమిది వందల అరవై ఎనిమిదిలో ఈ ఇంటి కొడుకు మునిగిపోతే కట్టింది, పదిహేడు చరణాలు, తల్లినుంచి కోడలికి నోటిమాటగా వస్తోంది అన్నాను. వాడి పేరేమిటని అన్సెల్మ్ గారు అడిగాడు. పాట నడకలో లియోన్స్ ఉన్నచోట ఇమిడే పేరొకటి కావాలి. గ్రెగ్వార్ అన్నాను.

పొడుగాటాయన టోపీ మళ్ళీ బల్లమీద పెట్టాడు. పాట ఎప్పుడు వినొచ్చు అన్నాడు. అది తల్లుల పాట, సిద్ధం కావడానికి వారం పడుతుందన్నాను.

అయిదింటికి అందరూ పోయాక జెలికా నిప్పుమీద బూడిద కప్పుతూ, నా వంక చూడకుండా అడిగింది.

"ఎవడ్రా ఆ గ్రెగ్వార్?"

"ఎవడూ లేడక్కా. ఇందాకే పుట్టాడు."

"ఇందాకే చచ్చాడు కూడా."

నేను నవ్వబోయి ఆగిపోయాను. రేపు వెళ్ళి అబద్ధమని చెప్పేస్తానన్నాను. ఆమె చాలాసేపు బూడిదని గరిటెతో నున్నగా సర్దింది. నాలుగేళ్ళుగా కట్టెల పొగ వాసన ఒంటికి పట్టి ఉంటేనే తనకు నిద్ర పడుతోందని చెప్పింది. తాడుకు ఇవతల నిలబడి ఈ పొయ్యిని చూడలేనంది.

"ఇక్కడే కదా వాడు పుట్టింది," అంది. "ఇక్కడ పాడితే వాడికి తెలుస్తుంది. పేరు ఏదైతేనేం, గొంతు నాది కదా."

మర్నాడు ఇద్దరం ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. నేను పదిహేడు చరణాలూ గుండ్రటి అక్షరాలతో రాశాను. తర్వాత పెన్సిలు తీసుకుని ఆ కాలానికి చెల్లనివి కొట్టేస్తూ వచ్చాను. దొమితీల్ కట్టింది ఇలా ఉండేది:

*మోటారు ఆగెను నడినీళ్ళలో,*
*అమ్మా, నీ దీపం కనపడదు.*

మోటారు కొట్టేసి తెరచాప పెట్టాను. ఆగెను కొట్టేసి చినిగెను పెట్టాను. రెండో పాదం ఏ కాలానికైనా పనికొస్తుంది కాబట్టి అలాగే వదిలేశాను. రేడియోలో గాలివాన కబురు వచ్చిన చరణం మొత్తం తీసేసి, గుడిగంట చరణం ఒకటి కొత్తగా కట్టాను. కొట్టేసిన ప్రతిసారీ జెలికా బఠానీలు ఒలుస్తూ ఊఁ అనేది. చివరి చరణంలో లియోన్స్ దగ్గరికొచ్చినప్పుడు ఊఁ అనలేదు. నేను ఆగాను. కానియ్యమని చేత్తో సైగ చేసింది.

నా పనితనం గురించి చెప్పుకోకూడదు గానీ, అతుకు ఎక్కడా కనపడలేదు.

మొదటిసారి పాడినరోజు ఆమె పదో చరణం నుంచీ ఏడుస్తూనే పాడింది. గొంతు మాత్రం వణకలేదు. ఆ ముగ్గురు పెద్దమనుషులూ గోడకానుకుని నేలవంక చూస్తుండిపోయారు. అన్సెల్మ్ గారు బయటికెళ్ళి ముక్కు చీదుకొచ్చాడు. పొయ్యి మాకే దక్కింది.

అప్పటినుంచి ఉండలు ఉడుకుతుండగా, మధ్యాహ్నం రెండింటికి, రోజూ పాట. జులైలో రద్దీ ఎక్కువని నాలుగింటికి కూడా. మొదట్లో ఆమె, పాట అవుతున్నప్పుడు ఎవరూ తినొద్దని చెప్పేది. గిన్నెలు చేతిలో ఉన్నవాళ్ళు చల్లారిపోతాయనేవారు. రెండో వేసవికి చెప్పడం మానేసింది. ఒక శీతాకాలం యంత్రంతో మనుషులొచ్చి పాట పట్టుకెళ్ళారు. రికార్డు వచ్చింది, దాంతోపాటు చిన్న పుస్తకం. అందులో ‘గ్రెగ్వార్ శోకపాట, 1868’ అని ఉంది. కింద సేకరించిన చోటు, పాడినావిడ పేరు. బళ్ళలో సంగీతం టీచర్లు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. నేను ఒక ప్రతి కొని సిస్టర్ యూఫెమీ ఉన్న వృద్ధాశ్రమానికి పంపాను. నేను చెప్పినవాటిలో అచ్చుకెక్కిన మొదటి అబద్ధం అదేనని మాత్రం రాయలేదు.

మూడో వేసవి ఆగస్టులో ఒకరోజు పాటయ్యాక, జనం వెళ్ళిపోయాక, జెలికా నా ఎదుట బెంచీ మీద కూర్చుంది. పగలు ఆమె కూర్చోవడం నేనెరగను.

"పదకొండో చరణంలో ఉన్నాన్రా," అంది. "వాడి చెయ్యి పడవ అంచునుంచి జారిపోయే చోట. నేనప్పుడు ఏం ఆలోచిస్తున్నానో తెలుసా?"

తెలియదన్నాను.

"ఉండల్లో ఉప్పు సరిపోయిందా అని."

అలవాటు పడితే ఎవరికైనా అంతేలే అన్నాను. ఆమె వినలేదు. పొద్దున జుట్టు దువ్వుకుంటూ వాడి మొహం గుర్తు తెచ్చుకోబోయానంది. గడ్డం ఉన్నవాడెవడో, పాతకాలపు చొక్కా వేసుకున్నవాడు వచ్చాడట. లియోన్స్‌కి గడ్డమే లేదు.

"వాడు గ్రెగ్వార్," అంది. "నా కొడుకును పిలిస్తే వాడొస్తున్నాడు. వెళ్ళి చెప్పరా. నువ్వు పుట్టించినవాణ్ణి నువ్వే తీసుకుపో."

నేను అన్సెల్మ్ గారి గదికి వెళ్ళాను. నా జన్మలో మొదటిసారి, ఎవరూ మెడ పట్టుకుని అడక్కుండా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కివాలి నవ్వాడు.

"ఫిలియాస్ గారూ, తిమింగలం కథే నయం. అందులో కనీసం తిమింగలం ఉంది."

దేవుడిమీద ఒట్టు వేశాను. తిమింగలానికి కూడా అదే దేవుడిమీద వేశానని ఆయన గుర్తుచేశాడు. చర్చి చావుల పుస్తకం చూడమందామంటే అందులో లియోన్స్ లేడు. సిలువ చూపిద్దామంటే అదీ లేదు. ప్లాసిడ్ రేవు వాళ్ళంతా ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. దొమితీల్ పోయి పదేళ్ళయింది. ఆ కుర్రవాడు నీళ్ళలో పోయాడనడానికి నా చేతిలో ఉన్న రుజువు ఆ పాట ఒక్కటే. దాన్ని చెరిపేసింది నేనే. నా చేతిరాతతో.

మర్నాడు జెలికా ఫోటో తెచ్చింది. పడవ పక్కన నిలబడి లియోన్స్ నవ్వుతున్నాడు. మోటారు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. కిందుగా తేదీ. అన్సెల్మ్ గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయింది. జెలికా చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. మాటవరసకు కాదు, నిజంగానే అన్నాడు. తర్వాత కూర్చుని, మెల్లగా, తనకు తనే లెక్క చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. పాట యాభై ఏడుది అయితే ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పాట లేకపోతే నిప్పు ఉంచడానికి మంత్రిత్వశాఖకు చూపించే కారణం లేదు. పుస్తకం అచ్చయిపోయింది, రికార్డు బళ్ళలో ఉంది. పుస్తకం వేసినవాళ్ళకు ఉత్తరం రాస్తానన్నాడు. ఈలోగా ఎలా చేయాలన్నది ఆమె ఇష్టానికే వదిలాడు.

"ఇప్పుడున్నట్టే పాడితే ఇల్లు మీదేనమ్మా," అన్నాడు. "జవాబు వచ్చేదాకా నేనెవరికీ ఏమీ చెప్పను."

"ఇల్లు నాదే," అంది జెలికా. "మీరు తెచ్చుకున్నారు."

ఆ రోజు రెండింటికి వంటింటి నిండా జనం. రిటైరైన టీచర్ల బృందం ఒకటి బస్సులో వచ్చింది. అందరి చేతుల్లో గిన్నెలు. జెలికా కుండమీద మూతపెట్టి, చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది. అయిదో చరణంలో తెరచాప రాలేదు, మోటారు వచ్చింది. నా కాళ్ళు తాళం తప్పాయి. ఆమె నావైపు చూడలేదు.

వరసలో ముందున్న లావుపాటాయన పక్కావిడతో, అందరికీ వినపడేలా, అరవై ఎనిమిదిలో మోటారేమిటండీ అన్నాడు. కొందరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, టీచర్లకు తప్పు దొరికినప్పుడు వచ్చే నవ్వు. జెలికా ఆగింది. ఆ ఇంట్లో పాట మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

"మా అబ్బాయి పడవకు మోటారు ఉండేదండీ," అంది. "ఎర్రరంగు వేశాడు. పంతొమ్మిది వందల యాభై ఏడు. వాడి పేరు లియోన్స్. ఈ గదిలోనే పుట్టాడు."

నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళకు అర్థమైందనుకున్నాను. జెలికా కూడా అలాగే అనుకుందని ఆమె భుజాలు చూస్తే తెలిసింది. ఏళ్ళ తరబడి మోసిన బస్తా ఎవరో ఒక చివర పట్టుకున్నట్టు కాస్త దిగాయి. ఆమె చివరిదాకా పాడింది. వాడి పేరు, తన పేరు, తన భర్త మెడార్డ్ పేరు, పడవ, ఏడాది, అన్నీ.

చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి జెలికా చెయ్యి పట్టుకుంది.

"ఎంత సహజంగా చేశారండీ," అంది. "ఒక్క నిమిషం నిజంగా మీ అబ్బాయేనేమో అనుకున్నాను. ఆ కొత్త తేదీ పెట్టడం కూడా భలే ఆలోచన, ఏ కాలంలోనైనా తల్లి తల్లే అన్నట్టు. ఉండలు మాత్రం కాస్త చప్పగా ఉన్నాయి."

జెలికా ఆమెకు ఏదో జవాబు చెప్పింది. థాంక్సే చెప్పిందనుకుంటాను. అందరూ వెళ్ళేదాకా గిన్నెలు అందుకుని తొట్టిలో వేసింది. తర్వాత మూడింటికే నిప్పుమీద బూడిద కప్పింది. టోపీ తీసి, కొయ్యకు తగిలించకుండా, బల్లమీద పెట్టింది. చెక్కచెప్పులు విప్పి తన చెప్పులు వేసుకుంది. బస్టాపు దాకా నేను తోడెళ్ళాను. బస్సెక్కుతూ, ఫిడేలు మర్చిపోయావురా అంది.

ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నేను కూడా వెళ్ళలేదు. ఇంట్లో నిప్పు మాత్రం ఆరలేదు. రికార్డు విని పాట నేర్చుకున్న సెలెస్టా అనే పిల్లను పెట్టుకున్నారు. మంచి గొంతు. అన్సెల్మ్ గారు ఉత్తరం రాశాడు, నాకు నకలు చూపించాడు. జవాబు రాలేదు. మరుసటేడు ఆయనను ఇంకో ఊరికి మార్చారు.

ఆ తర్వాత ఆరేళ్ళు జెలికా మూడో అంతస్తులో బతికింది. ఆదివారాలు నేను వెళ్ళేవాణ్ణి. కరెంటు పొయ్యి మీద ఉండలు చేసేది, రుచి ఎప్పటిలాగే ఉండేది. ఒకరోజు, పాట అసలు ఎలా ఉండేదో అలా ఒకసారి చెప్పమంది. ఒక్కసారి విన్నది నా తలలోంచి పోదని గొప్పలు పోయాను గదా. మొదలుపెట్టాను. ఏడో చరణం దాకా దొమితీల్ మాటలే వచ్చాయి. ఎనిమిదో చరణంలో ఒక పాదం దగ్గర ఆగిపోయాను. ఆ పాదం దొమితీల్‌దో నాదో తెలియలేదు. ఎంత వెతికినా దానికింద ఇంకోటి దొరకలేదు. పెన్సిలుతో కొట్టేసిన కాగితం పొయ్యిలో వేసింది కూడా నేనే. గుడిగంట చరణం వచ్చేసరికి అక్కడ అసలు ఉండాల్సింది, ఆ రేడియో చరణం, మొత్తం పోయింది. రేడియో ఉండేదని గుర్తుంది. మాటలు లేవు.

జెలికా తనూ ప్రయత్నించింది. చివరి చరణానికొచ్చేసరికి, పేరు రావలసిన చోట, ఆమె నాలుక గ్రెగ్వార్ అంది. మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అదే వచ్చింది. ఏడువందల సార్లు తిరిగిన దారి అది. ఆ టీచర్ల ముందు పాడినరోజు వచ్చింది గదా అన్నాను. ఆరోజు కోపం మీద వచ్చిందంది. మూడోసారికి ప్లేటు నావైపు జరిపి, తిను, చల్లారిపోతోంది అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆమె ఫిబ్రవరిలో పోయింది. గుండె ఆగింది, అంతకన్నా ఏమీ లేదు. నేల గడ్డకట్టి ఉండటం వల్ల పూడ్చడానికి ఏప్రిల్ దాకా ఆగాలన్నారు. చర్చిలో ప్రార్థన మాత్రం అప్పుడే జరిగింది. చెల్లాచెదురైన ప్లాసిడ్ రేవు వాళ్ళు ఓ ముప్ఫైమంది వచ్చారు. మ్యూజియం వాళ్ళు పూలదండ పంపారు. దానితోపాటు సెలెస్టాను కూడా. ఆమె పాటను ఆమెకే కానుకగా పాడిస్తామని అడిగారట. ఆ పాట కథేమిటో జెలికా పిల్లలకు సగమే తెలుసు. అమ్మ పేరు తెచ్చిన పాట గదా అని సరేనన్నారు.

ఆ పిల్ల పేటిక పక్కన నిలబడి పదిహేడు చరణాలూ పాడింది. తెరచాప చినిగింది. గుడిగంట మోగింది. గ్రెగ్వార్ మునిగిపోయాడు, పద్ధెనిమిది వందల అరవై ఎనిమిదిలో. వింటున్న ముసలివాళ్ళలో ఇద్దరు ముగ్గురు నావైపు తిరిగి చూశారు. వాళ్ళు లియోన్స్‌తో కలిసి చేపలు పట్టినవాళ్ళు. నేను లేచి నిలబడవలసిన సమయం అదే. లేస్తే ఎవరు నమ్ముతారు అనుకున్నాను. నమ్మితే మాత్రం, లేచి ఏం పాడాలి? నా దగ్గర మిగిలింది చిల్లులు పడిన పాట. ఆ పిల్ల దగ్గర ఉన్నది నిండుగా ఉంది. నేనే నింపాను. కూర్చునే ఉన్నాను.

తర్వాత మెట్లమీద సెలెస్టా నా దగ్గరికొచ్చింది. చలికి ముక్కు ఎర్రబడింది. నేను జెలికాతో కలిసి వాయించినవాణ్ణని ఎవరో చెప్పారట.

"తప్పులేమైనా పాడానా తాతయ్యా?" అంది. "పుస్తకంలో ఉన్నట్టే నేర్చుకున్నాను."

ఆ పిల్ల కళ్ళలో భయం నిజమైనది. ఆమెకా పాటంటే ప్రాణం, అది కూడా నిజమే.

"లేదమ్మా," అన్నాను. "ఒక్క అక్షరం కూడా తప్పలేదు."